పద్నాలుగో మంచం వారి మర్యాద

జిల్లా ఆసుపత్రి, బంధువుల వంటషెడ్డు

తామాండాకు అమ్మమ్మ ఆశీస్సులు.

మీ తాత హెర్నియా కోత మానుతోందట. అందరూ చెప్పే మాటే గాని నేను చూసింది లేదు. వార్డులో తట్టు సోకిందని మూడు రోజులుగా బంధువుల్ని లోపలికి రానివ్వడం లేదు. మీ తాత పడుకున్న పద్నాలుగో మంచానికని జావ కిటికీలోంచి ఇస్తాను, ఖాళీ గిన్నె వస్తుంది. శుక్రవారం పంపుతారట. ఎత్తు మంచం, మరుగుదొడ్డిలో కంత కుర్చీ, చూసుకునే మనిషి ఉంటేనే వదులుతారట. సిద్ధం చెయ్యి.

పొగలో మగ్గుతున్న నీ అమ్మమ్మ,
ఎస్నాట్

తా.క. "చాలా బాగుంది, కృతజ్ఞతలు" అన్నాడని ఆయా చెప్పింది. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఇదే మొదటిసారి. నాకు చెమటలు పట్టాయి.


అమ్మమ్మకు నమస్కారాలు.

వడ్రంగి కుర్చీకి కంత కోశాడు. నీ తా.క. విని అమ్మ పొయ్యి దగ్గరే కూలబడింది. కోసింది పొట్టేగా, తల కాదుగా? చర్చి పెద్దలు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. తాతకు మేం గుర్తున్నామో లేదో కనుక్కో.

నీ మనవరాలు,
తామాండా

తా.క. బెండకాయ కూర పంపి చూడు. అది తిన్నాడంటే ఇక ఆశ వదులుకోవాల్సిందే.


తామాండాకు,

తిన్నాడు. మారు అడిగాడు. పిల్లలెందరని ఆయా చేత అడిగించాను. "ఎవరూ లేరమ్మా. ఉంటే ఇలా వండిపెట్టే కూతురే ఉండేదేమో" అన్నాడట. నర్సు చంకకర్రలు కూడా చూసుకోమంది. హెర్నియాకు చంకకర్రలేమిటని అడిగేలోపు కిటికీ మూసేసింది.

అయినా నా మొగుడు. ఎలా ఉన్నా తీసుకొస్తాను.

నీ
అమ్మమ్మ

తా.క. గిన్నె కడిగి పంపాడు.


అమ్మమ్మా,

కూర్చుని చదువు. తాత ఇప్పుడే మినీబస్సు దిగాడు, తన కాళ్ల మీదే. తట్టు బయటపడ్డ రోజే ఇంటికి పొమ్మన్నారట. నీ కంటబడకుండా వెనక గేటులోంచి జారుకుని, సరస్సు ఒడ్డున మాంగోచీలో తమ్ముడింట్లో వారమంతా చేపలు తిన్నాడు. నీకు ఎవరో ఒకరు చెప్తార్లే అనుకున్నాడట. "మరి ఇన్నాళ్లూ ఎవడికి వండుతోంది?" అని నన్నే దబాయిస్తున్నాడు.

తామాండా

తా.క. జావలో ఉప్పు తక్కువైందని గిన్నె నెట్టేశాడు. తాతే, సందేహం లేదు.


తామాండాకు,

ఇవాళ వార్డు తెరిచారు. వెళ్లి చూశాను. మీ తాత ఖాళీ చేసిన పద్నాలుగో మంచం మీద ఆ రోజు నుంచీ బ్వానలి అనే ముసలి దర్జీ ఉన్నాడు. తుంటి విరిగింది. జావ ఆసుపత్రిదే అనుకున్నాడట. సంగతి చెప్పేసరికి తల దించుకుని, నేను నడుముకు చుట్టుకున్న చిటెంజే బట్ట చిరుగు కుట్టిపెడతానన్నాడు. అతనికి వెనకాముందూ ఎవరూ లేరు. ఇల్లు చూపించందే వదలరు, శుక్రవారం దాటితే మంచం ఇంకొకరికి కావాలి. మన దగ్గర మంచముంది, కుర్చీ ఉంది, చూసుకునే మనిషిని నేనున్నాను. సంతకం పెట్టేశాను.

వెనక గేట్లలోంచి జారుకోగలిగిన మీ తాతకు చాప చాలు.

శుక్రవారం ఇద్దరం వస్తున్నాం.

అమ్మమ్మ

తా.క. ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో మీ తాతకు చూపించు. ఇకమీదట తనే వేసుకోవాలి.