దోకియా అమ్మమ్మ మట్టి డబ్బా

విన్నిపెగ్,
అక్టోబరు 9, 2003

జెలెనివ్కా శ్మశాన సంఘం కార్యదర్శి పిలిప్ హ్నాత్యుక్ తాతగారికి నమస్కారాలతో,

నేను మిర్కాని. పోయిన నెల మీరు సమాధి చేసిన దోకియా గారి మనవరాలిని. అంత్యక్రియలకు రాలేకపోయాను. ఆ రోజు నాకు టొరంటోలో ఇంటర్వ్యూ ఉంది. ఉద్యోగం రాలేదు. రెండూ పోయాయి.

తొంభై అయిదేళ్లు బతికిన మనిషి నన్ను అడిగింది ఒక్కటే. ఆగస్టులో, వృద్ధాశ్రమం మంచం మీద, నా చెయ్యి పట్టుకుని అంది: "డబ్బాలో మట్టి ఉంది మిర్కా. అది నా మీద వెయ్యాలి. మర్చిపోయావో, లేచొస్తా." 1929లో ఓడెక్కినప్పుడు అందరిలాగే తనూ పిడికెడు ఉక్రెయిన్ మట్టి తెచ్చుకుందని మా ఇంట్లో అందరికీ తెలుసు. అదెక్కడుందో మాత్రం ఒక్కరికీ తెలీదు.

ఆవిడ సామాన్లు పెట్టిన అద్దె గది ఖాళీ చేస్తుంటే ఇరవై మూడు ఐస్‌క్రీమ్ డబ్బాలు బయటపడ్డాయి. ఒక్కదాంట్లోనూ ఐస్‌క్రీమ్ లేదు. బొత్తాలు, రబ్బరుబ్యాండ్లు, చిక్కుడు గింజలు, ఉతికి మడతపెట్టిన రొట్టె సంచులు. అన్నిటి వెనకా ఒక కాఫీ డబ్బా, ఎర్రదారం మూడు చుట్లు చుట్టి. మూత తీస్తే లోపల నల్లగా, పొడిపొడిగా. కళ్లలో నీళ్లు తిరిగి వెంటనే మూసేశాను.

బస్సులో పంపుతున్నాను. నలభయ్యో రోజు ప్రార్థనప్పుడు సమాధి మీద వెయ్యండి. నేను రాలేను. ఫోన్లో తివాచీలు అమ్మే ఉద్యోగంలో కొత్తగా చేరాను, సెలవు లేదు.

ఇట్లు,
మిర్కా

తా.క.: అమ్మమ్మ పేరు 1978లోనే తాతయ్య రాయి మీద చెక్కించేశారటగా, చనిపోయే సంవత్సరానికి "19" అని కూడా ముందే వేసి! ఇప్పుడేం చేస్తారు?

* * *

జెలెనివ్కా, సస్కాచెవాన్,
అక్టోబరు 23

అమ్మాయి మిర్కాకు,

యేసుకు మహిమ! ఉత్తరం ఇలా మొదలుపెట్టాలి. తివాచీ కంపెనీలో ఇది నేర్పరు కదా.

నలభయ్యో రోజు ప్రార్థన జరిగింది. పధ్నాలుగు మంది వచ్చారు, అందులో ఇద్దరు భోజనానికే. ఫాదర్ జెనోన్ నీ డబ్బా రెండు చేతులా పైకెత్తి, పూర్వీకుల నేల గురించి పావుగంట మాట్లాడాడు. అందరం ఏడ్చాం. సగం డబ్బా సమాధి మీద పోశాక, ఏడుస్తున్న మా ఇంటావిడ పరాస్కా ఒక్కసారిగా ఆగి, వేలికద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"ఆగండి ఫాదర్," అంది. "ఇవి నల్ల గసగసాలు."

ఫాదర్ మొహం చూడాల్సింది. "ఆశీర్వదించేశానే!" అన్నాడు. "అయితే క్రిస్మస్ రొట్టెల్లోకి ఇంకా మంచిది," అని మిగతా సగం పరాస్కా చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

మట్టి వెతుకు తల్లీ. ఆవిడ అడిగింది అదే కదా.

ఆశీస్సులతో,
పిలిప్ హ్నాత్యుక్

తా.క.: రాయి మీద పై వరుసలో 1908 ఉంది. కింది వరుసలో 19, ఆ తర్వాత ఖాళీ. డెబ్భై ఏళ్ల ముసలమ్మ ఈ శతాబ్దం దాటేస్తుందని ఎవరనుకున్నాం? ఆ చెక్కినవాడూ పోయాడు. వాడి రాయి మీద మాత్రం అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి.

* * *

విన్నిపెగ్,
అక్టోబరు 31

పిలిప్ తాతగారికి,

యేసుకు మహిమ. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అమ్మతో చెబితే నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత గసగసాలు తిరిగి పంపమని అడగమంది. అడగను.

ఈసారి దొరికింది. కుట్టుమిషను అరలో కోకో డబ్బా. లోపల ముదురు గోధుమరంగు పొడి, అడవి నేల వాసన. నిజం చెబుతున్నాను, వానపడ్డ అడవి వాసనే. అమ్మమ్మ చిన్నప్పుడు అలాంటి ఊళ్లోనే తిరిగి ఉంటుంది. నాకేం తెలుసు? ఆ ఊరి గురించి ఒక్కసారీ అడగలేదు. ఆవిడ చెప్పబోతే నేను టీవీ చూసుకునేదాన్ని.

దయచేసి ఇది వెయ్యండి.

మీ,
మిర్కా

తా.క.: వేసేముందు పరాస్కా గారికి చూపించకండి.

* * *

జెలెనివ్కా,
నవంబరు 12

మిర్కాకు,

యేసుకు మహిమ! నీ తా.క. చదవకముందే పరాస్కా డబ్బా తీసేసింది. తప్పు ఆవిడది కాదు. రుచి చూడనిదే ఏ డబ్బానూ ఆశీర్వదించేది లేదని ఫాదరే తేల్చి చెప్పాడు.

ఎండు పుట్టగొడుగుల పొడి. అడవి వాసన రాక ఏమొస్తుంది?

పరాస్కా సూపు కాచింది. శ్మశాన సంఘం సమావేశంలో అందరం తాగాం. పదేళ్లలో మొదటిసారి కోరం సరిపోయింది. "దోకియా బతికుండగా ఈ పొడి చిటికెడు అడిగితే లేదంది," అని పరాస్కా గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. రెండో గిన్నె తాగలేదు. వాళ్లిద్దరూ అరవై ఏళ్లు పోట్లాడుకున్నారు. ఇప్పుడు పోట్లాడ్డానికి ఆవిడకి ఎవరూ మిగల్లేదు. నేనున్నా గానీ నాకు చెవులు వినపడవు.

నేల గట్టిపడిపోతోంది. త్వరగా చూడు.

ఆశీస్సులతో,
పిలిప్

తా.క.: బూడిదరంగు పొడి దొరికితే మాత్రం పంపకు. అది ఎవరి తాలూకో ఏమో.

* * *

విన్నిపెగ్,
నవంబరు 21

పిలిప్ తాతగారికి,

మహిమా లేదు, ఏమీ లేదు. నేను ఓడిపోయాను.

మట్టి దొరికింది. నిజం మట్టి. నేనే నాలిక మీద వేసుకుని చూశాను. అమ్మమ్మ చలికోటు అస్తరు లోపల, గుడ్డతో కుట్టేసిన పొగాకు డబ్బాలో ఉంది. గంతులేశాను. ఇంక పొరపాటు జరగకూడదని వ్యవసాయ కళాశాలలో చదివే స్నేహితురాలికి చూపించాను. ఆమె జల్లెడ పట్టి రెండు గింజలు తీసింది. సాస్కటూన్ పండు గింజలు! ఆ పొద ఇక్కడి ప్రెయిరీ గడ్డిమైదానాల్లో మొలిచేదేగానీ ఉక్రెయిన్‌లో కాదంది.

అంటే మా అందరినీ డెబ్భై ఏళ్లు మోసం చేసింది. అసలు మట్టి ఎక్కడో పారేసుకుని, పెరట్లోది ఇంత తవ్వి దాచిపెట్టుకుంది. అమ్మమ్మ పుట్టిన ఊళ్లో ఉన్న దూరపు బంధువుకి ఫోన్ చేశాను, మట్టి పంపమని. కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరని జవాబిచ్చాడు, మీ దగ్గర మట్టి లేదా అనీ అడిగాడు.

సామాన్ల గది డిసెంబరు ఒకటిన అప్పగించాలి. ఈ డబ్బా కూడా ఆ రోజే చెత్తలోకి పోతుంది. ఆవిడ అడిగిన ఒక్క పనీ చెయ్యలేకపోయాను.

మిర్కా

తా.క.: లేచొస్తానంది కదా. రమ్మనండి. నేనూ నాలుగు మాటలు అడగాలి.

* * *

జెలెనివ్కా,
నవంబరు 28

మిర్కా తల్లికి,

పోస్టును నమ్మక ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. నువ్వు చదివేదాకా నీ గుమ్మం దగ్గర్నుంచి కదలొద్దని చెప్పాను. ఒప్పుకున్నాడు. మీ అమ్మమ్మ ఉప్పునీళ్లలో ఊరబెట్టిన పుల్లటి దోసకాయలు ఆ కుర్రాడి తాత తెగ తిన్నాడులే.

డబ్బా పారెయ్యకు.

1930లో, వాళ్లకి ఇక్కడ మొదటి చలికాలం, దోకియాకి ఒక ఆడపిల్ల పుట్టింది. ఒలెంకా. మీ అమ్మకి కూడా తెలీదు, మీ అమ్మ పుట్టింది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి. మూడు నెలలు బతికింది పాప. అప్పటికి ఇక్కడ ఫాదర్ లేడు, గుడి లేదు. శ్మశానం అంటే కంచె లేని బయలు. గుంట తవ్వినప్పుడు మీ అమ్మమ్మ పక్కన నిలబడింది మా అమ్మ. నాకు చెప్పింది ఆవిడే.

పాప పరాయి నేలలో ఒంటరిగా పడుకోకూడదని దోకియా తన ఊరి మట్టి అంతా ఆ గుంటలో పోసేసింది. ఒక్క రేణువు మిగల్చలేదు. "మరి రేపు నీ సమాధికి?" అని మా అమ్మ అడిగిందట. దోకియా ఒంగి, పాప మీది మట్టి దోసెడు తీసి, ఖాళీ డబ్బాలో నింపుకుందట.

ఆ మూల ఇప్పుడు సాస్కటూన్ పొద ఉంది. ప్రతి జూలైలో వచ్చి పళ్లు కోసుకునేది. ఇంకెవరైనా చెయ్యి పెడితే గయ్యిమనేది. అందుకే పరాస్కాతో అరవై ఏళ్ల పోట్లాట. పిసినారిది అనుకున్నాం అందరం. నాకు తెలిసీ నేను చెప్పలేదు. దోకియా చెప్పుకోనిది నేనెలా చెప్పను? నువ్వు గసగసాలు పంపినప్పుడైనా చెప్పాల్సింది. ముసలి బుద్ధి, అసలుది దొరుకుతుందిలే, చెప్పే పని లేకుండా పోతుందిలే అనుకున్నాను. నిన్న పరాస్కాకి చెప్పాను. ఇవాళ ఉదయం నుంచీ ఆ పొద దగ్గర మంచు ఊడుస్తోంది. వద్దంటే వినదు.

ఇప్పుడు నేల రాయిలా ఉంది. ఈస్టరు తర్వాతి ఆదివారం అన్ని సమాధుల దగ్గరా ప్రార్థన ఉంటుంది. ఆ రోజు నువ్వే రా. ఈ డబ్బా బస్సులో వెయ్యకు, ఒళ్లో పెట్టుకుని రా.

నీ పిలిప్ తాత

తా.క.: రాయి సంగతి తేలింది. పై వరుసలో 1908 పక్కన చోటుంది, అక్కడ 2003 పడుతుంది. కింద ఆ 19కి ముందు ఒలెంకా పేరు, తర్వాత 30 చెక్కిస్తున్నాను. మీ అమ్మమ్మ ఏదీ పారేసే మనిషి కాదు కదా.

ఇంకో తా.క.: వసంతానికి ఆ సమాధి నిండా గసగసాల పూలు పూస్తాయని ఫాదర్ ఇప్పటినుంచే భయపడుతున్నాడు.