మధువని వారి చీల

బోధన్, 4 మార్చి 1968

నిజామాబాద్ మధువని చెరుకు రసం కంపెనీ మేనేజరు దశరథం గారికి, బోధన్ బస్టాండు ఏజెంటు ఏసయ్య నమస్కరించి రాయునది.

మీ యంత్రం ఆగింది. చెరుకు పిండే రోలర్లను పట్టి ఉంచే ఇనుప చీల ఎక్కడో పడిపోయింది. పక్క కొట్టు కమ్మరి రాజమల్లు చూసి, "గిదెంత పని ఏసన్నా, బీడీ తాగేలోపట చేసిస్త" అన్నాడు. కానీ కంపెనీ మెకానిక్ తప్ప ఎవరూ యంత్రం మీద చెయ్యి వేయరాదని మీ షరతు. ఊరి చుట్టూ చెరుకు, నడినెత్తిన ఎండ, నా కొట్టులో మాత్రం ఖాళీ గ్లాసులు! ఈ ఎండాకాలం పోతే నాకు ఏడాది పోయినట్టే. వెంటనే మనిషిని పంపండి.

ఇట్లు, ఏసయ్య

తా.క.: ఈగలు మాత్రం మీ షరతును లెక్కచేయకుండా యంత్రం మీద వాలుతున్నాయి. కోపం నా మీద పెట్టుకోకండి.

నిజామాబాద్, 6 మార్చి

ఏజెంటు ఏసయ్య గారికి దశరథం రాయునది ఏమనగా,

మెకానిక్ లాజరు వస్తాడు. బోధన్ వైపు శనివారమే మనిషిని పంపడం మా పద్ధతి. అంతవరకు ఆ రాజమల్లును దూరంగా ఉంచండి. ప్రతి ఏజెంటూ తోచిన చీల దిగేసుకుంటే రేపు రసంలో తుప్పు తేలుతుంది. తిట్లు పడేది మధువని పేరుకు.

ఇట్లు, మేనేజరు దశరథం

తా.క.: ఈగల గురించి పైవాళ్లకు రాశాను.

బోధన్, 25 మార్చి

దశరథం గారికి నమస్కారాలు.

లాజరు వచ్చాడు, బాగుచేశాడు. మెచ్చుకుందాం అనుకునేలోపు శుక్రవారం చీల మాయం! మళ్లీ వచ్చాడు. మళ్లీ శుక్రవారం, మళ్లీ మాయం! నాకు సంగతి అర్థమైపోయింది. ఏజెంట్లు మీ గుప్పిట్లో ఉండాలని వారానికోసారి ఊడిపోయే చీలలు చేయిస్తున్నారు. కొట్టు నాది, చెరుకు నాది, చెమట నాది. వేలెడంత చీల దిగేసే హక్కు నాకు లేదా? "నువ్వు ఏజెంటువా, కావలోనివా అన్నా?" అని రాజమల్లు నవ్వుతుంటే తల కొట్టేసినట్టుంది.

ఇట్లు, ఎండలో కూర్చున్న ఏసయ్య

తా.క.: లాజరు మీద నాకు కోపం లేదు. ఆదివారం మా చర్చిలో చక్కగా పాడాడు. మా అమ్మాయి మార్త వండిన వంకాయ కూర మళ్లీ మళ్లీ వేయించుకున్నాడు.

నిజామాబాద్, 28 మార్చి

ఏసయ్య గారికి,

మా చీలలు ఇంకే ఊళ్లోనూ ఊడలేదు. బాల్కొండ యంత్రానికి ఏడాదిగా ఒకటే చీల. కనుక మీ రాజమల్లే చాటుగా వాటిని ఎత్తుకుపోయి నమూనా తీస్తున్నాడని మా అనుమానం. ఇంకొక్క చీల పోయిందంటే యంత్రమూ బోర్డూ బండికెత్తి తెచ్చుకుంటాం.

ఇట్లు, దశరథం

తా.క.: మధువని బోర్డు మీద ఎవరిదో చొక్కా ఆరేసి ఉందని తెలిసింది. కంపెనీ పరువు తీయకండి.

బోధన్, 6 ఏప్రిల్

అయ్యా,

మీ ఉత్తరం అందింది. యంత్రం పోతే నా ఇల్లు గడవదు. రాజమల్లుకు వినిపిస్తే, "గా చీలను దొంగతనం జెయ్యాల్నా? గంతకన్న మంచిది నా ఎడ్లబండికున్నది" అన్నాడు. నిన్న పొద్దుటినుంచీ యంత్రం పక్కనే కాపలా కూర్చున్నాను. అన్నానికి లేచినప్పుడు మార్తను కూర్చోబెట్టాను. తిరిగొచ్చేసరికి చీల లేదు! పిల్ల కళ్లు కూడా కప్పిన ఆ దొంగ ఎవడో తెలియడం లేదు. దయచేసి యంత్రం తీసుకుపోకండి. ఒక్కసారి ఆ చీలలు నా చేతికిచ్చి చూడండి.

ఇట్లు, మీ దయ కోరే ఏసయ్య

తా.క.: ఆ చొక్కా మీ లాజరుదే. గ్రీజు అంటిందని మార్త ఉతికి ఆరేసింది.

నిజామాబాద్, 10 ఏప్రిల్

ఏసయ్య గారికి,

మీ ఉత్తరంతో మనసు కరిగింది. పైవాళ్లతో పోట్లాడి షరతు సడలించాను. చీలల పొట్లం పంపుతున్నాను, ఇకపై మీరే దిగేసుకోండి. లాజరు ఇక బోధన్ రానక్కర్లేదు. అతణ్ణి ముప్కాల్ వైపు వేశాం.

ఇట్లు, మీ దశరథం

తా.క.: "గది శాన నాజూకు యంత్రం సార్, వారానికి రెండుసార్లన్న పోయి సూడాలె" అని లాజరు బతిమాలాడు. యంత్రాన్ని ఇంతగా ప్రేమించే మనిషిని నేను చూడలేదు.

బోధన్, 24 ఏప్రిల్

దశరథం గారికి ఏసయ్య వేయి నమస్కారాలు.

మీ పొట్లం వాపసు పంపుతున్నాను. దయచేసి షరతు మళ్లీ పెట్టండి!

మీ చీల దిగేసినప్పటినుంచి యంత్రం ఆగలేదు, కొట్టు కిటకిటలాడుతోంది. కానీ మార్త అన్నం ముట్టడం లేదు. వాళ్లమ్మ శారమ్మ గట్టిగా అడిగితే ట్రంకుపెట్టె తెచ్చి ముందు పెట్టింది. అందులో మీ చీలలన్నీ నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. "కంపెనీ మనిషే రావాలె అంటివి గద బాపూ, గందుకే తీసిన" అని ఏడ్చింది. నాకు కోపం రావలసింది, ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత కళ్లు చెమర్చాయి. మిమ్మల్ని అనుమానించినందుకు మన్నించండి. మీరు కూడా రాజమల్లుకు ఒక కార్డు ముక్క రాయండి.

లాజరు ఇంటివారు ఒప్పుకున్నారు. మే నెలలో మా చర్చిలో పెళ్లి, మీరు తప్పక రావాలి. అతని మకాం బోధన్‌కు మార్చండి. యంత్రం మీద కంపెనీ మనిషే చెయ్యి వేస్తాడు, నా బిడ్డ అన్నం తింటుంది.

ఇట్లు, మీ షరతుకు బద్ధుడు ఏసయ్య

తా.క.: దొరికిన చీలల్లో ఒకటి తక్కువ పంపుతున్నాను. మొట్టమొదటిది నిజంగా దానంతటదే ఊడి చెరుకు పిప్పిలో పడిందట. లాజరును మా ఇంటికి తెచ్చింది అదేనని మార్త ఇవ్వనంటోంది. దాని మీద మాత్రం కంపెనీ హక్కు అడగకండి.