సగం వంగిన మోకాళ్ళు

కంపాలా,
మంగళవారం.

అమ్మకు నంతేజ మోకాళ్ళూని పంపే నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం, మీ అల్లుడి దగ్గు కూడా తగ్గింది. నువ్వు కులాసాగా ఉన్నానని రాశావు గాని నీ మోకాళ్ళ వాపు సంగతి మాత్రం తెలివిగా దాటేశావు. మసాకా టాక్సీలో పైపూత మందు పంపాను, రోజూ రెండు పూటలా రాసుకో. ముందుగా ఒక్క మాట. ఈ ఉత్తరం నలొంగో పిన్ని చేత చదివించకు. ఆవిడ చదివిందంటే సాయంత్రానికల్లా ఊరంతా పారాయణం అయిపోతుంది. కళ్ళజోడు పెట్టుకుని మెల్లగా నువ్వే చదువుకో.

నా పట్టాభిషేకానికి కట్టుకోవాలని బుట్ట భుజాల నీలం గొమెసి కుట్టించేశానన్నావు. విప్పించకు, ఈస్టరుకి కట్టుకో.

వైస్ చాన్సలర్ పదవి వ్యవసాయ విభాగం ఆయనకిచ్చారని రేడియోలో విన్నావు కదా. ఎనిమిది నెలలు ఆ కుర్చీలో తాత్కాలికంగా కూర్చుని, సమ్మె మాన్పించి, ఆడపిల్లల హాస్టలుకి నీళ్ళు తెప్పించినదాన్ని నన్ను కాదని! "ఎంపిక సంఘానికి మన సెంపీజా మాస్టారే పెద్దగా ఉండి కూడా ఇట్లా ఎందుకయింది? ఆదివారం చర్చి గుమ్మంలోనే నిలదీస్తాను" అని రాశావు. ఆయనకి నెలనెలా పంపే అరటి గెల కూడా మానేశావట. వద్దమ్మా, ఆయన్నేమీ అడగకు. నాన్న నన్ను ఆరో తరగతితో మాన్పించబోతే మూడుసార్లు సైకిలు తొక్కుకుంటూ మన ఇంటికొచ్చిన మనిషి.

ఇంటర్వ్యూ రోజు ఏం జరిగిందో నీకు చెప్పలేదు. ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

తలుపు తీయగానే బల్లకు అవతల ఏడుగురు. నడుమ మాస్టారు, తల ముగ్గుబుట్ట అయిపోయింది. ఆయన్ని చూడగానే నా మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ఐదేళ్ళప్పుడు పెదనాన్నను మోకరిల్లకుండా నిలబడి పలకరించానని నువ్వు గరిటెతో వేసిన దెబ్బ ఈ యాభై మూడేళ్ళ మోకాళ్ళకి ఇంకా గుర్తే. తివాచీ జానెడు దూరంలో ఉందనగా మాస్టారి పక్కన కూర్చున్న ఓ లాయరు ముఖం కనబడింది. నవ్వుతున్నాడు. నాకు సిగ్గేసింది. చటుక్కున లేచి, మగవాళ్ళలా మాస్టారికి చెయ్యి చాపాను.

లాయరు ఊరుకుంటాడా? "ఏంటండీ ప్రొఫెసరుగారూ, కూర్చుంటున్నారా, లేస్తున్నారా? రేపు మంత్రిగారొచ్చినా ఇదేనా వరస?"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. నా చెయ్యి ఊరికే తాకి వదిలేశారు. ఆ తర్వాత అడిగినవాటన్నిటికీ సరిగ్గానే చెప్పాను గాని ఎవరికీ చెవికెక్కినట్టు లేదు.

నాకు మూడు ఓట్లు, ఆ వ్యవసాయం ఆయనకి నాలుగు. సాయంత్రం కారు దగ్గర మాస్టారే చెప్పారు.

"అమ్మాయ్, ఆ నాలుగో చెయ్యి నాదే. నీకే ఎత్తుదామని వచ్చాను. వాళ్ళ ముందు నన్ను చూసి సిగ్గుపడ్డావు కదే! వంగావని ఆ లాయరు వద్దన్నాడు. మధ్యలో లేచావని నాకు మనసు విరిగింది."

పూర్తిగా వంగి ఉంటే లాయరు పక్కకి ఇంకొకరు చేరేవారేమో. అసలు వంగకపోతే మాస్టారి ముఖం ఎట్లా చూసేదాన్ని? పది రోజులుగా ఇదే ఆలోచన, ఏ దారీ కనబడటం లేదు. ఒకపూట నీ గరిటె మీద కూడా కోపం వచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

నిన్న నబుకీర అనే పిల్ల హాస్టలు కాగితం మీద సంతకం కోసం నా గదికొచ్చింది. మొదటి సంవత్సరం ఇంజనీరింగు, తరగతిలో అందరికంటే ముందుంది. వస్తూనే తివాచీ మీద మోకరిల్లి "బాగున్నారా అమ్మగారూ?" అంది. లేవమ్మా అనబోయాను, మాస్టారు గుర్తొచ్చారు. అలాగే ఉండమ్మా అందామంటే ఆ లాయరు నవ్వు కళ్ళముందు కదిలింది. సంతకం పెట్టి ఇచ్చాను. కాగితం అందుకుని కూడా పిల్ల లేవలేదు. నేను చెప్తే గాని లేవకూడదని వాళ్ళమ్మ నేర్పి ఉంటుంది. చివరికి నేనే కుర్చీలోంచి లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలియదు.

మాస్టారికి ఆదివారం గెల పంపు. ఆ పిల్లకి నేనేం చెప్పాలో తెలిస్తే వెంటనే రాయి. వచ్చే వారం గురువారం రెండో కాగితానికి మళ్ళీ వస్తుంది.

ఇట్లు,
ఇంకా నీ ముందు పూర్తిగా వంగగలిగే
నీ పెద్ద కూతురు,
నంతేజ