కడుపుకు మర్యాదైన మాట

తాండూరు, ఆదివారం

ప్రియమైన ఆడబిడ్డ శ్యామలకు,

యోహాను చేతికి నువ్విచ్చిన చీటీ అందింది. పాపం, ఆయన మీ ఆసుపత్రి గేటు కాడ కాపలా కాసుకుంటూ, రోజూ రైల్లో మన చీటీలు కూడా మోస్తున్నాడు. హాస్టల్లో ఫోన్లు గుంజుకున్నదీ మంచిదే అయింది. లేకుంటే నీ చేతిరాత ఇంత వంకరని నాకు తెలిసేది కాదు.

కడుపుకు ఇంగ్లీషులో ఎన్ని పేర్లు, ఏది ఎవరి దగ్గర వాడాలి అని అడిగావు. పొద్దున్నే మంచాల వెంట తిరిగి నొప్పెక్కడని అడగాలి, అందులో తప్పితే నర్సులకు సాయంగా ఉండే ఈ ట్రైనింగ్ అయినాక పర్మనెంట్ చేయరు అన్నావు. మా బిడ్డ దీక్షితకు ఇంటర్‌లో చేరినప్పటి నుంచి మస్తు గర్వం, అయినా కూర్చోబెట్టి అడిగాను. విను. స్టమక్ అంటే తిన్నది పడే సంచి. అబ్డామెన్ అంటే పక్కటెముకల కింద నుంచి మొత్తం; డాక్టర్లు అనేది అదే. టమ్మీ పిల్లల దగ్గర. బెల్లీ మామూలు మాట, మనలాంటి వాళ్లకు. పెద్దింటి వాళ్లు, చదువుకున్న ఆడవాళ్లు వస్తే మాత్రం ముందర 'పాట్' తగిలించి 'పాట్ బెల్లీ' అనాలి. మనం పేరు వెనక 'గారు' పెట్టినట్టు. మరచిపోకు.

నువ్వు పోయినప్పటి నుంచి జొన్నరొట్టెలు నేనే కొడుతున్నాను. మీ అన్న మాట్లాడకుండా తింటున్నాడు. దానర్థం నీకు తెలుసు.

నవ్వుతూ,
నీ వదిన
పద్మారాణి

•

వికారాబాద్, గురువారం

ప్రియమైన వదినకు,

నువ్వు చెప్పిన మాట అన్నాను. ఆమె పరిగి నుంచి వచ్చిన లెక్చరరమ్మ, కడుపు ఆపరేషనై ఇంకా కుట్లు కూడా విప్పలేదు. పొద్దున నవ్వుతూ పోయి "పాట్ బెల్లీ పెయిన్?" అని అడిగాను. ఆమె దుప్పటి గొంతు దాకా లాక్కుని గోడ వైపు తిరిగింది. భర్త లేచి నిలబడి, "బొజ్జ అంటవా? ఆపరేషనైన మనిషిని ఎక్కిరిస్తవా?" అని వార్డంతా వినబడేలా అన్నాడు. దాని అర్థం నాకు అప్పుడు తెలిసింది.

పెద్ద నర్సు సుమిత్రమ్మ నన్ను వార్డులోంచి తీసేసింది. నెలాఖరుకు ఇంటికి పంపిస్తారట.

ఒక్కటే అడుగుతాను. తెలిసే రాశావా?

శ్యామల

•

తాండూరు, శనివారం

ప్రియమైన శ్యామలా,

తెలిసే రాశాను. పాట్ బెల్లీ అంటే బొజ్జ అని దీక్షిత చెప్పగానే నాకు నవ్వాగలేదు. నా పెళ్లి బంతిలో లడ్డూ కింద ఉప్పు ముద్ద దాచినదానివి నువ్వు. వదినా ఆడబిడ్డలు ఎగతాళి చేసుకోకుంటే ఇంకెవరు చేసుకుంటారు అనుకున్నాను. నువ్వు ఆ మాట అంటావు, నర్సులు నవ్వుతారు, నువ్వు నన్ను తిడుతూ చీటీ రాస్తావు, అంతే అనుకున్నాను. మంచం మీద కుట్లతో ఒక మనిషి ఉంటుందని నాకు తట్టలేదు.

అంతేనా అని నన్ను నేనే అడుగుతున్నాను. అంతే కాదు. మల్లేశ్ నిన్ను వదిలి ఇంకో సంసారం పెట్టుకున్నప్పటి నుంచి నువ్వు మా ఇంట్లో ఉన్నావు. నేను రాళ్ల పాలిష్ కాడి నుంచి వచ్చేసరికి పొయ్యి మీద కూర ఉడికి ఉండేది. సొంతంగా సంపాదించుకుని బతుకుతానని నువ్వు బయలుదేరితే పైకి సంతోషపడ్డాను. లోపల మాత్రం, అక్కడ కుదరక వెనక్కి వస్తే బాగుండు అనుకున్నాను. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

అందుకే నిన్న పని ఎగ్గొట్టి రైలెక్కాను. నీ మొహం చూడలేక నిన్ను పిలిపించలేదు. సుమిత్రమ్మ ముందు నిలబడి, "అమ్మా, తప్పు నాది. అది ఏడో తరగతిలనే బడి మానేసింది, దానికి ఇంగ్లీషు ఏమెరుక? నేను రాసిచ్చిందే పలికింది. జర మళ్ల వార్డుల పెట్టుకోండ్రి" అన్నాను. ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "ఏడో తరగతా?" అని అడిగింది. అవునన్నాను. సరే, నేను చూసుకుంటాను పొమ్మంది. మంచి మనిషి. ఇక ఫికర్ పెట్టుకోకు.

తప్పు చేసిన
నీ వదిన

•

వికారాబాద్, సోమవారం

ప్రియమైన వదినకు,

లెక్చరరమ్మ లేదు. ఆమె భర్తా లేడు. నన్నెవరూ వార్డులోంచి తీయలేదు. నీ సంగతి నాకు కొత్తా? ఆ మాట ఎవరితోనూ అనకముందే పక్కన నర్సును అడిగాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాము. ఒక్కసారైనా నిన్ను ఏడిపించాలని ఆ కథ అల్లాను. నువ్వు రైలెక్కి వస్తావని అనుకోలేదు.

ఇక్కడ చేరేటప్పుడు పది పాసయ్యానని చెప్పాను. కాగితాలు తర్వాత తెస్తానన్నాను. ఇంట్లో మాత్రం ఏడో తరగతికే తీసుకున్నారని చెప్పాను. అన్నకు నిజం చెబితే నీకు తెలుస్తుంది. నీకు తెలిస్తే మన సందంతా నవ్వుతుంది. అందుకే దాచాను. నీకు చెప్పుకోగలిగి ఉంటే, నువ్వు సుమిత్రమ్మ ముందు ఏడో తరగతి మాట అనేదానివి కాదు.

నువ్వేం చెబుతున్నావో సుమిత్రమ్మకు మొదట అర్థం కాలేదట. ఏడో తరగతి మాత్రం అర్థమైంది. నన్ను పిలిచి, "పనిల నీకు వంక లేదు. అబద్ధం చెప్పినదాన్ని రోగుల కాడ ఎట్ల పెట్టుకోవాలె?" అంది. పర్మనెంట్ లేదు. వంటగదిలో గిన్నెలు తోముతూ ఉండొచ్చు, పది పాసైతే అప్పుడు చూద్దామంది. ఉంటానన్నాను.

నీ మీద కోపం లేదని రాయబోయి కొట్టేశాను. కొంచెం ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది.

నీ ఆడబిడ్డ
శ్యామల

•

తాండూరు, బుధవారం

ప్రియమైన శ్యామలా,

నీ చీటీ మీ అన్నకు చదివి వినిపించాను. కంచం ముందు నుంచి లేచిపోయాడు. దీక్షిత తన పదో తరగతి పుస్తకాలన్నీ సంచిలో కట్టి, నాకు ఇవ్వకుండా నేరుగా యోహానుకే ఇచ్చి వచ్చింది.

సాయంత్రం పక్కింటి హన్మమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. "మీ ఆడబిడ్డ ముచ్చట్లు ఏమన్న ఉన్నయా?" అని అడిగింది. నేను ఏం చెప్పినా నవ్వడానికి ముందే నోరు తెరుచుకుని ఉంది.

మంచిగున్నది అన్నాను.

ఇంకేదో వస్తుందని ఆమె నా మొహం చూసింది. తర్వాత లేచి వెళ్లిపోయింది.

నీ వదిన
పద్మారాణి