తడిసిన గొంతు

ఆదివారం

అక్కా,

ఫోన్లో నీ మాట వినగానే ఏడుపు తన్నుకొస్తోంది, ఒక్క ముక్క చెప్పలేకపోతున్నాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. బావగారికి నువ్వే చదివి వినిపించు. మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు.

మా లాప్‌టాప్ మీద టీ ఒలికింది. ఇంతేనా అనుకుంటావేమో. నీ మరిది గొంతంతా అందులోనే ఉంది.

ఆపరేషన్‌కి ముందు నువ్వు వచ్చినప్పుడు చూశావు కదా, గది తలుపు వేసుకుని ఒక్కరే మాట్లాడుతూ కూర్చునేవారు. క్యాన్సరుకి స్వరపేటిక తీసెయ్యక తప్పదని తేలిపోయాక, మాట నేర్పే డాక్టరమ్మే ఆ సలహా ఇచ్చింది. ఇప్పుడే గొంతు రికార్డు చేసి పెట్టుకోండి, తర్వాత అదే గొంతుతో యంత్రం మాట్లాడేట్టు చేద్దాం అంది. ఈయనేమో కూరగాయల మార్కెట్లో వేలం పాడే మనిషి. మైకు లేకుండా ఆ చివర బండి మీదున్నవాడికి కూడా వినిపించే గొంతు. ఏం చదవాలో తెలియక చేతికందిందల్లా చదివారు. మందుల అట్టలు, కరెంటు బిల్లు, మా పాప పిచ్చుక బడి పాఠాలు. టమాటా బుట్టలు వేలం పాడారు. నాతో ఉత్తుత్తి పోట్లాట పెట్టుకున్నారు. పిచ్చుకని స్నానానికి పిలిచారు, రాకపోతే రెండోసారి పిలిచే గద్దింపుతో సహా.

ఇంటికొచ్చాక మెడకి రంధ్రం, చేతికి పలక. "అన్నం చాలు", "కిటికీ వెయ్యి", ఇంతే మా మాటలు. మందుల షాపులో డ్యూటీ దిగి రాగానే వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని ఆ రికార్డులు వినడం నాకు అలవాటైపోయింది. పిచ్చుక వచ్చి నా పక్కన స్టూలెక్కి కూర్చునేది. వేలంపాట వస్తే అదీ గొంతు కలిపేది. ఆయన పక్క గదిలో ఉండేవారు. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది అనుకునేదాన్ని. యంత్రంలోకి ఎక్కించడానికి తెమ్మని డాక్టరమ్మ అడుగుతూనే ఉంది, ఈయన "వచ్చే వారం" అని పలక మీద రాస్తూనే ఉన్నారు. ఇంకోచోట కాపీ చేసి పెట్టాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

మొన్న షాపు నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల మీద లాప్‌టాప్ బోర్లా పడుకోబెట్టి ఉంది. కింద తువ్వాలు, తువ్వాలంతా టీ. అత్తయ్య గుడ్డతో తుడుస్తోంది. చెయ్యి తగిలిందనీ, కప్పు చూసుకోలేదనీ అంది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో పలక లేదు.

అత్తయ్యని నేనన్న మాటలు ఇక్కడ రాయను. రాస్తే నువ్వు నా మొహం చూడవు. లాప్‌టాప్‌ని తిప్పి బటన్ నొక్కాను. తెర వెలిగింది. ప్రాణం లేచొచ్చింది. అంతలోనే సన్నగా మాడు వాసన, తెర నల్లబడింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ మళ్ళీ నొక్కాను. బియ్యంలో పెడితే తడి లాగేస్తుందని షాపులో ఎవరో అంటే బియ్యం డబ్బాలో కప్పెట్టాను. రేపు రిపేరుకి తీసుకెళ్తున్నాను.

నీ చెల్లాయి


శుక్రవారం

అక్కా,

పోయింది.

రిపేరు షాపతను మంచివాడే. దాన్ని విప్పుతుంటే నేను గాజు పలక ఇవతల నిలబడి చూశాను, ఆపరేషన్ గది బయట నిలబడ్డట్టు. అక్షరాల మీటల కింద పాలూ పంచదారా పాకంలా అంటుకుపోయి, వాటి మధ్య బియ్యపు గింజలు. స్పిరిట్‌తో కడిగాడు, ఆరబెట్టాడు, మళ్ళీ చూస్తానని రెండుసార్లు తిప్పి పంపాడు. రికార్డులుండే చిప్పు బోర్డుకే అతికి ఉంటుందట, ఊడదీసి వేరేదానికి పెట్టడం కుదరదట. అదే కాలిపోయింది.

"తడి మీద ఎవరైనా ఆన్ చేశారా మేడమ్?" అని అడిగాడు.

చేశానని చెప్పాను. అతను తల దించుకుని మరలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. ఆన్ చెయ్యకుండా ఉంటే దక్కేదా అని నేనే అడిగాను. చెప్పలేం అన్నాడు, ఆ మాట అబద్ధమని అతని మొహమే చెప్పింది. అంటే అక్కా, టీ పోసినవాళ్ళు సగం చంపితే మిగతా సగం నేను చంపాను.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పలేదు. పాపం నాదని ఒప్పుకుంటే అత్తయ్య మీద కోపం ఎక్కడ పెట్టుకోవాలి? ఆవిడ గిన్నె పట్టుకుంటే లాక్కుంటున్నాను. ఆవిడ పెట్టిన టీ సింకులో పారబోశాను. ఆవిడ ఒక్క మాటా అనడం లేదు, అది ఇంకా మండిస్తోంది. ఆదివారం కూతురింటికి వెళ్ళిపోతానంది. ఉండమని నేననలేదు.

నిన్న పిచ్చుక వంటింట్లోకొచ్చి ఖాళీ బల్ల చూసి, "అమ్మా, నాన్న పాడైపోయాడా?" అని అడిగింది. నాన్న దాని వెనకే నిలబడి ఉన్నారు. నేను దాన్ని ఎత్తుకుని ఏడ్చాను. ఆయన వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయారు.

షాపులో తప్పు మందులు ఇవ్వబోయాను, పక్కనున్న అమ్మాయి చూసి ఆపింది. నిద్ర లేవగానే చెవిలో ఆయన పిలుపు వెతుక్కుంటాను. మాటలు గుర్తొస్తున్నాయి, గొంతు రావడం లేదు. ఎవరో చదివినట్టు వస్తోంది. ఇంకొన్నాళ్ళకి అదీ పోతుంది కదా. దేనికోసం బతుకు ఈడుస్తున్నానో తెలియడం లేదు. భయపడకు, ఏమీ చేసుకోను, పిచ్చుక ఉంది. కానీ ఇంతకు మించి ధైర్యం చెప్పమని నన్నడక్కు.

నీ చెల్లాయి


మంగళవారం

మా అక్కకి,

నీ ఉత్తరం నిన్న అందింది. దానికి జవాబు చివర రాస్తాను. ముందు ఆదివారం సంగతి.

అత్తయ్య సంచి సర్దుకుని చెప్పులు వేసుకుంటోంది. ఆటో బయట హారన్ కొడుతోంది. నేను సోఫాలో కూర్చుని పిచ్చుకకి జడ వేస్తున్నాను, తల ఎత్తలేదు. ఆయన గదిలోంచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. అత్తయ్య చేతిలో సంచి లాగి నేల మీద పెట్టారు. అత్తయ్య "వద్దురా, పోనివ్వు" అని బతిమాలుతోంది. ఆయన నా వైపు తిరిగి పెదాలు కదిపారు.

అర్థం కాలేదు, పలక తీసుకోండి అన్నాను. తల అడ్డంగా ఊపి దగ్గరికొచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. మళ్ళీ కదిపారు, ఒక్కో అక్షరం విడదీసి. అక్కా, ఆపరేషన్ అయ్యాక ఆయన మొహంలోకి అంతసేపు చూడడం అదే మొదటిసారి. మెడ మీద రంధ్రం కనపడుతుందని చూపు తిప్పుకునేదాన్ని.

"నేనే పోశాను."

ఏమిటన్నట్టు చూశాను. మళ్ళీ అదే. నేనే పోశాను. కావాలనే పోశాను.

అప్పుడు పలక అందుకున్నారు. రాసి చూపించడం, అరచేత్తో తుడవడం, మళ్ళీ రాయడం. రోజూ సాయంత్రం నువ్వు ఆ లాప్‌టాప్‌లో వాడితో కాపురం చేశావు, అని రాశారు. వాడు జోకేస్తే నవ్వావు. నేను దగ్గితే తలుపు దగ్గరికేశావు. పిల్ల నన్ను దాటుకుని వాడి దగ్గరికి పోయేది. బతికుండగానే నా ఫొటోకి దండ వేసినట్టుంది. ఆ చివరి మాట రాసి సుద్దముక్క కింద పెట్టేశారు.

నాకు జాలి వేసిందనుకుంటున్నావా? లేదు. "అది మీ ఒక్కరి గొంతా? నాకు మిగిలిందే అది" అని అరిచాను. పిచ్చుకకి పెద్దయ్యాక తండ్రి గొంతు ఎలా ఉండేదో ఎవరు చెబుతారని అడిగాను. ఏ తిట్టు నోటికొస్తే ఆ తిట్టు తిట్టాను. ఆయన కదల్లేదు. తల కూడా దించుకోలేదు, చూస్తూ కూర్చున్నారు. ఆయన పెదాలు కదలబోవడం, ఆగిపోవడం కనబడుతోంది. నేను ఊపిరి తీసుకునే సందు ఇస్తే కదా.

నా అరుపులు అయ్యాక అత్తయ్యని అడిగాను, మీకు తెలుసా అని. ఆయన పోస్తుంటే ఆవిడ చూసిందట. మరి నిందెందుకు మోశారంటే, గుమ్మంలోనే చతికిలబడి నిదానంగా చెప్పింది.

"నువ్వు తిడితే తిరిగి ఒక మాట అనడానికి వాడికి గొంతు లేదు కదమ్మా. నాకుంది. అందుకని నా మీద వేసుకున్నాను."

గొంతుండీ ఆవిడ ఇన్నాళ్ళూ నన్ను ఒక్క మాట అనలేదు, అక్కా.

ఆటోని నేనే పంపించేశాను. తడి మీద ఆన్ చేసి కాల్చింది నేనేనని కూడా ఇద్దరికీ చెప్పేశాను. అత్తయ్య లేచి టీ పెట్టింది. నలుగురం వంటింట్లోనే కూర్చున్నాం, ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని.

బాగైపోయిందనుకోకు. ఆయన్ని నేను క్షమించలేదు, నన్ను ఆయన క్షమించారో లేదో అడగలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. ఈ నిశ్శబ్దం ఇక ఎప్పటికీ ఇంతే అని తలుచుకుంటే చేతిలో పని జారిపోతోంది. మారిందల్లా ఒకటే. ఆయన ఏదైనా చెప్పాలంటే నేను ఎదురుగా కూర్చుని పెదాల వంక చూడాలి. నాకంటే పిచ్చుకకి త్వరగా పట్టుబడుతోంది. నిన్న ఆయన ఏదో అన్నారు, నాకు తెలియలేదు, అది పకపకా నవ్వింది. ఏమన్నారే అంటే చెప్పనంది.

ఇక నీ మాట. ఆయన నీకు పంపిన వాయిస్ మెసేజీలు నీ ఫోన్లో ఇంకా ఉన్నాయని, పంపమంటావా అని అడిగావు. అది చదివి నిన్నంతా నేను నేనుగా లేను. ఫోను చేతిలోకి తీసుకుంటాను, పెట్టేస్తాను. పక్క గదిలో ఆయన దగ్గు వినిపిస్తుంది.

పంపకు అక్కా. నేను ఏడ్చి అడిగినా పంపకు.

అలాగని తుడిచెయ్యకు.

నీ చెల్లాయి