అహ్తి వంతు

వార్కౌస్, అక్టోబరు

ప్రియమైన రైమో,

మన కంప్యూటరు ఆట డిస్క్ పంపుతున్నాను. రెండు వైపులా అట్టముక్కలు పెట్టాను, ఈసారైనా పోస్టులో వంగకుండా చేరుతుందని ఆశ. అహ్తి అంత్యక్రియల రోజు నువ్వు కేకు ముక్క తిని, కాఫీ తాగి, "షిఫ్టుంది" అని రైలెక్కేశావు. నీతో మాట్లాడదామనుకున్నవన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అందుకే ఈ ఉత్తరం.

మన 'ఏడు తీరాలు' ఆట ఆపుదామా, సాగిద్దామా? అహ్తి లేకుండా ఏం ఆడతాంలే అని మొదట నేనూ అనుకున్నాను. ఇంతలో ఆయిలి వచ్చి, వాళ్ళాయన అహ్తి బల్ల మీద దొరికిందని ఒక కవరు ఇచ్చింది. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు వాడు తన వంతు ఆడేసి, డిస్క్ కవర్లో పెట్టి, నా చిరునామా రాసి, స్టాంపు కూడా అంటించాడట. అలాంటివాడి ఆటను మధ్యలో వదిలేస్తే దెయ్యమై వచ్చి తిడతాడు.

కాబట్టి ఇలా చేద్దాం. వరస మార్చం: నువ్వు, అహ్తి, నేను. నీ డిస్క్ ఇకమీదట నేరుగా నాకే పంపు, ఉత్తరం లేకపోయినా సరే. తెర మీద 'అహ్తి, నీ వంతు' అని పడగానే నేను కిటికీ వైపు తిరిగి, ఏదీ ముట్టుకోకుండా, 'వంతు ముగిసింది' నొక్కేస్తాను. వాడి ఆవిరిస్నానాల సౌనా ముందుగదిలో ముగ్గురం ఒకే కంప్యూటరు మీద ఆడిన రోజుల్లో, ఒకడు ఆడుతుంటే మిగతా ఇద్దరం గోడకేసి తిరిగి కూర్చునేవాళ్ళం కదా, అదే పద్ధతి. వాడి ఊళ్ళ మీదికి మనం వెళ్ళం, వాటి జోలికి పోం. సరేనా?

ఇంకో సంగతి. కంప్యూటరు పత్రికవాళ్ళు ఈ ఆట మీద పాఠకుల అభిప్రాయాలు అడిగారు. ముగ్గురి తరఫునా నేనే రాద్దామనుకుంటున్నాను. నా గొడవ నీకు తెలుసు. కంప్యూటరు నడిపించే రాజులు ఒట్టి మూర్ఖులు, పొద్దున సంధి చేసుకుని సాయంత్రానికి ఊరు తగలబెడతారు. అహ్తి అభిప్రాయం కూడా రాస్తాను. వాడి గొంతు ఇంకా చెవిలోనే ఉంది: "ఈ ఆట చేసినోడికి మనిషంటే ఏంటో తెలీదురా! ఊరు దోచుకుంటే మార్కులు, గోడ కడితే మార్కులు. పక్కోడికి బండెడు రాళ్ళిస్తే మాత్రం సున్నా!" ఇక నీది రాసి పంపు.

నీ
ఇల్పో


కెమి, నవంబరు

ప్రియమైన ఇల్పో,

నువ్వు చెప్పిన పద్ధతి బాగుంది. నా వంతు ఆడాను. తూర్పు రేవులో నా దీపస్తంభం ఇంకా సగంలోనే ఆగి ఉంది, వేసవిలో మీ ఇద్దరికీ మొత్తుకున్నట్టే రాళ్ళు చాలడం లేదు. నవ్వుకో.

పత్రికకు రాయడానికి నాకు అభిప్రాయమేమీ లేదు. ఒకప్పుడు ఉండేది. ఓడలు మరీ నత్తల్లా పోతాయని నేనెంత గోల చేసేవాణ్ణో నీకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు వెతికినా ఆ కోపం దొరకడం లేదు. చెయ్యి కింద పడేసుకుని నిద్రపోతే తిమ్మిరెక్కుతుంది చూడు, గిల్లినా ఎవరిదో చెయ్యిలా ఉంటుంది. నేను మొత్తంగా అలా ఉన్నాను. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. కేకు రుచి కూడా గుర్తులేదు. మిల్లుకు వెళ్తున్నాను, రొట్టె తింటున్నాను, నిద్ర పడుతోంది. ఎవరైనా అడిగితే బాగానే ఉన్నానంటున్నాను. అది అబద్ధమని కూడా అనిపించడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. వాడి వంతు వాడిదిగానే ఉండనీ. ఆట తెరవగానే పటం మీద దూరంగా వాడి పసుపు ఊళ్ళు కనిపిస్తాయి. వాడు వదిలిపెట్టినట్టే ఉంటాయి. నాకు మిగిలింది అదొక్కటే. అందులో నువ్వు వేలు పెట్టావని తెలిస్తే మాత్రం ఆటా ఉండదు, మన స్నేహమూ ఉండదు. ముందే చెబుతున్నాను.

నీ
రైమో


వార్కౌస్, జనవరి

ప్రియమైన రైమో,

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆయిలితో కలిసి శ్మశానానికి వెళ్ళాను. మంచులో అన్ని సమాధుల మీదా కొవ్వొత్తులు. అహ్తి దగ్గర రెండు పెట్టాను, ఒకటి నీ పేరు మీద. గాలికి నీది ఆరిపోతే మళ్ళీ వెలిగించాను. ఆయిలి "రైమో ఎలా ఉన్నాడు?" అని అడిగింది. "ఉత్తరాలు రాస్తున్నాడు" అన్నాను. అంతకంటే నాకేం తెలుసు?

మా మేనల్లుడు ఆట కొత్త భాగం కొన్నాడు. పండగకి వెళ్ళినప్పుడు చూశాను. నా అభిప్రాయం అడిగితే, తళుకు ఎక్కువైంది, బుర్రకు పని తక్కువైంది. మూలన ఒక మంత్రి కూర్చుని "ప్రభూ, ఇక్కడ పొలం దున్నించండి, ప్రభూ, అక్కడ గోడ కట్టించండి" అని ఒకటే నస. మా ఆవిడే నయం. అన్నిటికన్నా ఘోరం, తప్పు ఎత్తు వేస్తే వెనక్కి తీసుకోవడానికి ఒక మీట పెట్టారట! అహ్తి చూసుంటే ఆ డబ్బాని మంచులోకి విసిరేసేవాడు.

నేను ఒకసారి యుద్ధం ఓడిపోయి, దొంగతనంగా పాత ఆట తెరిచి మళ్ళీ ఆడినప్పుడు వాడేమన్నాడో గుర్తుందా? "ఓడిపోవడం చేతకానోడు నీళ్ళు మొయ్యాలి రా!" ఆ చలికాలమంతా సరస్సులో గడ్డకట్టిన మంచుకి కన్నం పెట్టి, సౌనాకి నీళ్ళు మోసింది నేనే. నువ్వు తలుపు దగ్గర నిలబడి బకెట్లు లెక్కపెట్టేవాడివి, దుర్మార్గుడా.

అప్పటి నుంచి నాకొచ్చిన డిస్కులూ, నేను పంపేవాటి నకళ్ళూ అన్నీ బిస్కెట్ల డబ్బాలో పడేస్తున్నాను. ఏదైనా పాడైతే పనికొస్తాయని దాచడమే, ఏదీ తెరిచింది లేదు. అహ్తి చేతిరాతతో ఉన్న చివరి డిస్క్ కూడా అందులోనే ఉంది.

పత్రికవాళ్ళు మార్చి దాకా గడువిచ్చారు. నీ అభిప్రాయం ఇంకా రాలేదు.

నీ
ఇల్పో


కెమి, ఫిబ్రవరి

ఇల్పో,

'ప్రియమైన' అని రాయబుద్ధి కావడం లేదు.

డిస్క్ తెరిచాను. తూర్పు రేవు బయట, దూరంగా ఉన్నవాటిని మనకు కనపడకుండా ఆట కప్పే పొగమంచు అంచున, ఒక ఓడ ఉంది. పసుపు జెండా. అహ్తి ఓడ! చచ్చిపోయినవాడి ఓడ తనంతట తాను సముద్రం దాటి నా రేవుకు వస్తుందా? వాడి వంతు నొక్కేది నువ్వొక్కడివే. కిటికీ వైపు తిరుగుతానన్నావు. నా దీపస్తంభం పూర్తయ్యేలోగా రేవు కొట్టేద్దామని, వాడి జెండా అడ్డం పెట్టుకుని వచ్చావు.

కోటగోడ మీది ఫిరంగులతో ముంచేశాను. అది వాడి ఓడ కాదు, నీది. నన్ను గెలవాలనుంటే నీ ఓడల్లో రావాల్సింది. చస్తే చచ్చాడు, వాడి చేతులనైనా వాడికి వదిలెయ్యాల్సింది.

ముంచినప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. ఇదే నా చివరి వంతు. డిస్క్ తిరిగి పంపనక్కర్లేదు.

రైమో


వార్కౌస్, ఫిబ్రవరి

ప్రియమైన రైమో,

నువ్వు రాయకపోయినా నేను 'ప్రియమైన' అనే రాస్తాను. నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళుగా ఎరిగినవాణ్ణి దొంగని చేశావు. బండబూతులు రాసి చింపేశాను. తరవాత ఆలోచించాను. నువ్వు ముట్టుకోలేదు, నేను ముట్టుకోలేదు. మరి ఓడ ఎలా కదిలింది?

అందుకని మన కట్టుబాటు తప్పాను. డబ్బాలోంచి నువ్వు డిసెంబరులో పంపిన డిస్క్ తీసి, 'అహ్తి, నీ వంతు' అని పడగానే మొదటిసారి కిటికీ వైపు తిరగకుండా తెర వైపే చూశాను. ఓడ నడిసముద్రంలో ఉంది. దాని మీద నొక్కితే ఆజ్ఞ కనిపించింది: 'తూర్పు రేవుకు వెళ్ళు.' ఒకసారి చెబితే చాలు, చేరేదాకా ఎన్ని వంతులైనా ఓడ పోతూనే ఉంటుంది, నీకూ తెలుసు. నేను ఖాళీ చేతులతో వంతు ముగించిన ప్రతిసారీ అది కొంచెం ముందుకు జరిగింది.

ఆ తరవాత అహ్తి చేతిరాత ఉన్న డిస్క్ తెరిచి, నా వంతూ నీ వంతూ ఊరికే దాటించి వాడి వంతుకు వచ్చాను. ఓడ అప్పుడే వాడి రేవు దాటి బయటపడింది. ఆజ్ఞ అదే. అంటే ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు వాడు ఆడిన ఆఖరి ఎత్తు అది.

ఓడలో సైనికులు లేరు రైమో. మూడు బండ్ల రాళ్ళున్నాయి. నీ దీపస్తంభానికి సరిగ్గా సరిపోతాయి. దానివల్ల వాడికి ఒక్క మార్కు కూడా రాదు.

నీ వంతు మొదలయ్యేటప్పటి నకలు నా దగ్గరుంది. అందులో ఓడ ఇంకా నీ రేవు బయటే ఉంది. కావాలంటే పంపుతాను. పాత ఆట తెరవడమంటే వాడికి ఎంత అసహ్యమో తెలిసీ అడుగుతున్నాను. వద్దంటే డబ్బా మూసేస్తాను, ఆట ఇంతటితో సరి.

నీ
ఇల్పో


కెమి, మార్చి

ప్రియమైన ఇల్పో,

నిన్ను దొంగన్నాను. నన్ను క్షమించు. ఇది నీ ముఖం చూసి చెప్పాల్సిన మాట, చెబుతాను కూడా.

నీ ఉత్తరం చదివి మడిచి బల్ల మీద పెట్టాను. అప్పుడేమీ కాలేదు. సాయంత్రం రొట్టె కోస్తుంటే 'మూడు బండ్ల రాళ్ళు' అన్న మాట గుర్తొచ్చింది. కత్తి పక్కన పెట్టేశాను. సెప్టెంబరులో రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. కింది వాటా ముసలావిడ తలుపు కొట్టి "ఏమైందయ్యా, ఒంట్లో బాలేదా?" అంది. "మా స్నేహితుడు పోయాడండీ" అన్నాను. ఎప్పుడని అడిగింది. నేను తలుపు పూర్తిగా తీశాను. లోపలికి వచ్చి కాఫీ పెట్టి ఇచ్చి వెళ్ళింది. కాఫీ చేదుగా ఉంది. నాలుక్కి తెలిసింది.

నీ పత్రికకు నా అభిప్రాయం రాసుకో. ఓడలు నత్తల్లా పోవడం తప్పు కాదు, అలాగే ఉండాలి. పక్కవాడికి రాళ్ళిస్తే మార్కులు రాకపోవడం కూడా సరైనదే. మార్కులొస్తే ఎవడైనా ఇస్తాడు. అహ్తి మాటకు ఎదురు చెప్పినందుకు వాడు గింజుకుంటాడు, గింజుకోనీ.

ఆ నకలు నాకు కావాలి. అయితే పోస్టులో పంపకు. శుక్రవారం షిఫ్టు అవగానే రైలెక్కుతున్నాను. సౌనా ముందుగదిలో ఆ కంప్యూటరు ఇంకా ఉందేమో ఆయిలిని అడుగు. ఉంటే అక్కడే తెరుద్దాం. మూడు కుర్చీలూ వెయ్యి. నా వంతులో ఫిరంగులు ముట్టుకోను. వాడి వంతు వచ్చినప్పుడు మాత్రం మనం గోడకేసి తిరగొద్దు. ఓడ రేవులోకి రావడం ఇద్దరం చూద్దాం.

పాత ఆట తెరిచినవాడికి శిక్ష ఏమిటో నాకు తెలుసు. సరస్సు మీద మంచు ఇంకా గట్టిగానే ఉండుంటుంది. బకెట్లు బయట పెట్టించు, నీళ్ళు నేను మోస్తాను. ఈసారి తలుపు దగ్గర నిలబడి నువ్వు లెక్కపెట్టు.

నీ
రైమో