మూత వెయ్యని కంప్యూటరు

నాన్నా, తెనాలిలో నీ భవాని బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు. ఇంజన్ల మోతకు చెవులు దెబ్బతిన్న నీకు ఫోన్లో వినపడదని ఈ కార్డు.

పెళ్లి వీడియోల పనికి కంప్యూటరు కోసం ఒక్కో భాగం నేనే ఎంచుకున్నాను. కొట్లో, లోపల వేడెక్కకుండా పెట్టే చిన్న ఫ్యాన్లు తిప్పించి, పడవ ఇంజను మీద నువ్వు పెట్టి చూసినట్టే, వాటి చట్రం మీద అరచెయ్యి ఆనించాను. కొట్టతను నవ్వాడు. మూడోది వణుకుతోందన్నాను. తనూ చెయ్యి పెట్టి చూసి, వేరేది తెచ్చాడు. "ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు. "మా నాన్నండి" అన్నాను.

అమ్మ కంట్లో చుక్కలు వేసుకుంటోందా? అడిగానని చెప్పు. ఎండురొయ్యలు అయిపోయాయి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. కాదు, నువ్వే తీసుకురా. కంప్యూటరు బిగించాను గానీ పక్క మూత వెయ్యలేదు. నువ్వు సూర్యలంక నుంచి వచ్చి, చెయ్యి ఆనించి సరే అంటేనే వేస్తాను.